ఎలీశమ్మ రాసిన సున్నా

ఎలీశమ్మ మీద నాకు ఇప్పటికీ కోపమే. మంచి మనిషే, అందులో అనుమానం లేదు. కానీ మంచితనానికీ మొండితనానికీ మధ్య ఎక్కడో ఒక గీత ఉంటుంది కదా, ఆవిడకి అది ఎప్పుడూ కనపడలేదు. నేను చూపించాను. చూడలేదు.

ఎల్బీనగర్ చౌరస్తాకీ కొత్తపేట పండ్ల మార్కెట్‌కీ మధ్య ఒక సర్కారు ప్రాథమిక పాఠశాలకి నేను హెడ్మిస్ట్రెస్‌గా చేశాను. పేరు సీతామహాలక్ష్మి. మాది తెనాలి. వనస్థలిపురంలో ఇల్లు కట్టుకుని, పిల్లల్ని ఇక్కడే పెంచి, ఇక్కడే రిటైరైనా, స్కూల్లో అందరికీ నేను 'ఆంధ్రా మేడం'నే. ఎలీశమ్మ కూడా అలాగే పిలిచేది, కాకపోతే నవ్వుతూ.

ఆవిడ ఊరు చౌటుప్పల్ అవతల ఒక పల్లె. తండ్రి దేవానందం తాపీ పని చేస్తూ ఇల్లు నడిపాడు. ఆవిడ తమ్ముడికి పుట్టుకతోనే చెవుడు. మాటలు రాకుండా పెరిగాడు, పదహారేళ్ళు నిండకుండానే జ్వరమొచ్చి పోయాడు. ఎక్కడ నొప్పో చెప్పుకోలేకపోయాడని ఆవిడ ఒకే ఒక్కసారి నాతో అంది. ఆ తర్వాతే బోయినపల్లి వెళ్ళి ప్రత్యేక విద్యలో డిప్లొమా చేసింది. మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లలకి రిసోర్స్ టీచరుగా కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. మా స్కూలు వెనక మధ్యాహ్న భోజనం బియ్యం దాచే గదిని ఖాళీ చేయించి ఆవిడకి ఇచ్చారు. కాగితాల మీద దానికి పొడుగాటి పేరుంది. మాకు మాత్రం అది ఎలీశమ్మ గది.

చెవులు వినపడని వాళ్ళు, బుద్ధి ఎదగని వాళ్ళు, కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయిన వాళ్ళు, అందరూ ఆ గదిలోకే వచ్చేవారు. మొదట్లో నాకు అటు వెళ్ళాలంటే మనసొప్పేది కాదు. ఎందుకంటే ఏం చెప్పను, దుఃఖం వచ్చేది. ఎలీశమ్మకి అలాంటి నాజూకులేం లేవు. ఒకడికి ముక్కు తుడుస్తూ, ఒకదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఇంకొకడిని "ఏయ్, గా గిన్నె కింద పెట్టు" అని గద్దిస్తూ ఉండేది.

ఆ గదిలో అందరికంటే కష్టమైన పిల్ల జాస్మిన్. ముత్తమ్మ మనవరాలు. ముత్తమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఊడ్చి తుడిచే పని చేసేది. కొడుకూ కోడలూ పొద్దున్నే అడ్డా మీదికి కూలికి వెళ్ళిపోయేవారు. పిల్లకి మాట రాదు, నడక రాదు, వేళ్ళు పిడికిలిగా ముడుచుకుని ఉండేవి. మా గదికి రాకముందు ఆ పిల్ల రోజంతా ఒక చాప మీద, తాళం వేసిన ఇంట్లో ఉండేది. తప్పు వాళ్ళది అనడానికి నాకు నోరు రాదు. నలుగురు తినాలంటే ముగ్గురు పనికి వెళ్ళాలి.

ఎలీశమ్మ ఒక స్టీలు చెంచా తీసుకుని, దాని కాడకి పాత చీర పేలిక చుట్టి లావు చేసింది. ఆ లావు కాడని జాస్మిన్ పిడికిట్లో ఇరికించి, మణికట్టు పట్టుకుని నోటి దాకా తీసుకెళ్ళేది. రోజూ అదే పని. వేళ్ళు నూనెతో రుద్దడం, చెంచా ఇరికించడం, పైకి ఎత్తించడం. చెంచా ఛాతీ దాకా రావడానికి ఒక ఏడాది పట్టింది. రెండు వేల పదకొండు ఆగస్టులో, స్వాతంత్ర్య దినోత్సవం అయిన వారంలో, ఆ చెంచా తనంతట తాను నోట్లోకి వెళ్ళింది. సగం అన్నం గౌను మీద పడింది, మిగతా సగం లోపలికి పోయింది. ముత్తమ్మ గుమ్మం దగ్గర నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, దాచడం దేనికి.

ఇక లెక్కల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా అక్కడే చెడింది. నెలాఖరుకి రిసోర్స్ టీచరు ఒక ప్రొఫార్మా నింపాలి. ఒక్కో పిల్లా ఎన్ని రోజులు వచ్చింది, చదవడంలో ఏ గ్రేడు, రాయడంలో ఏ గ్రేడు, లెక్కల్లో ఏ గ్రేడు. నేను సంతకం పెడితే అది మండల ఆఫీసుకి వెళ్తుంది. అక్కడ క్రాంతి కుమార్ అనే కుర్రాడు కంప్యూటర్లో ఎక్కిస్తాడు. మండలం నుంచి జిల్లాకి, జిల్లా నుంచి రాష్ట్రానికి. అక్కడికి చేరేసరికి మా జాస్మిన్ ఏదో శాతంలో ఒక ముక్క అవుతుంది. పైనుంచి ఎవరూ వచ్చి పిల్ల మొహం చూడరు, ఆ ముక్కని చూసే మా గది లాంటి కేంద్రాన్ని ఉంచాలా తీసేయాలా అనుకుంటారు.

జాస్మిన్‌కి మూడు గడుల్లోనూ 'సి' గ్రేడే. చెంచాకి గడి లేదు. ఎలీశమ్మ ఆ ఆగస్టులో రిమార్కుల గడిలో 'పాప సొంతంగా తిన్నది' అని రాసి పంపింది. క్రాంతి కుమార్ ఫోన్ చేశాడు.

"అక్కా, గా గడిల అక్షరాలు ఎక్కయి. అంకెలే పడ్తయి."

"అంకె ఏం పెట్టాలె తమ్మీ దీనికి?"

"ఏమో అక్కా. ఇడిసిపెడ్త."

వదిలిపెట్టేశాడు. అతన్ని అనడానికేం లేదు, అతనిదీ కాంట్రాక్టు ఉద్యోగమే.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, ఆఫీసులు ఆగిపోయాయి, మా గేటుకీ తాళం పడింది. తాళం వేసింది నేనే. తెరిచి ఉంచితే రాళ్ళు పడతాయని వేశాను. ఎలీశమ్మ అది పట్టుకుని నన్ను ఏడిపించేది. "మా ఆంధ్రా మేడం గుడ సమ్మెల ఉన్నది, ఇగ తెలంగాణ ఒచ్చినట్టే!" నేను "నాది భయమే తల్లీ, ఉద్యమం నీది" అనేదాన్ని.

ఉద్యమం నిజంగా ఆవిడదే. పొద్దున్నే ఎల్బీనగర్‌లో సమ్మె శిబిరంలో ఉండేది. నడిరోడ్డు మీద వంటావార్పు పెడితే, పెద్ద గిన్నెలో గరిటె తిప్పే చేయి ఆవిడదే. కాంట్రాక్టు వాళ్ళు సమ్మెకి దిగితే రేపు పొమ్మంటారని చెప్పాను. "మనది మనకొస్తే కాంట్రాక్టులు ఉండయి మేడం, అందరం పర్మనెంటే" అంది. అలా నమ్మింది ఆవిడ ఒక్కతే కాదు.

ఒక మధ్యాహ్నం నేను మన్సూరాబాద్ వైపు కూరగాయల కోసం వెళ్తూ, ఎలీశమ్మ వాళ్ళ చర్చి పక్క హాల్లో జాస్మిన్ గొంతు విన్నాను. ఆ పిల్లకి సంతోషమైతే ఒక కూత పెడుతుంది, అది ఎక్కడున్నా గుర్తుపడతాను. లోపలికి తొంగి చూస్తే, చాపల మీద మా గది పిల్లలంతా ఉన్నారు. ఎలీశమ్మ నూనె గిన్నె పక్కన పెట్టుకుని జాస్మిన్ వేళ్ళు రుద్దుతోంది.

"ఇదేంటి ఎలీశమ్మా? నువ్వు సమ్మెలో ఉన్నావుగా!"

"సమ్మె నాకు మేడం, ఈళ్ళ చేతులకు ఏం సమ్మె? నెల రోజులు ఆపితే చేతి ఏళ్ళు మళ్ళ ముడుసుకపోతయి. పొద్దుగాల శిబిరం, పగటిలి ఈడ. ఎవ్వరికి జెప్పకుండ్రి."

పొద్దున్న బడి బందు పెట్టి, మధ్యాహ్నం బడి నడిపిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. నవ్వాలో తిట్టాలో తెలియక, చేతిసంచీలో ఉన్న అరటిపళ్ళు పిల్లలకి ఇచ్చి వచ్చేశాను.

సమ్మె ముగిసింది. తాళాలు తీశారు. తీసిన వెంటనే మండల ఆఫీసు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. సమ్మె నెలల ప్రొఫార్మాలు ఏవీ, ఖాళీ వదలొద్దు, జిల్లా వాళ్ళు అడుగుతున్నారు. అందరూ ఏం చేశారో చెప్తాను. ఆగస్టు అంకెలు తీసి సెప్టెంబరులోనూ అక్టోబరులోనూ దింపేశారు. నేనూ మా స్కూలుకి అదే చేశాను. నాకేం సిగ్గు లేదు, అలా చేయమని చెప్పింది ఆఫీసే. సమ్మె అని రాయడానికి గడి లేనప్పుడు ఏం రాస్తాం?

ఎలీశమ్మ హాజరు గడిలో సున్నా రాసి నా ముందు పెట్టింది.

"నీకేమైనా మతి పోయిందా? పిల్లలు వచ్చారు కదా! నిజంగానే వచ్చారు కదా! అందరూ రాని పిల్లల్ని వచ్చారని రాస్తుంటే, నువ్వు వచ్చిన పిల్లల్ని రాలేదని రాస్తావా?"

"ఒచ్చిండ్రని రాస్తె నేను సమ్మె ఇడిసినట్టు కద మేడం. శిబిరంల కూసోని, హాజరు రిజిస్టర్ల బడి నడిచిందని రాస్తనా? రేపు ఎవరన్నా అడిగితే మొకం ఎట్ల సూపెట్టాలె?"

"ఎవరడుగుతారే? అడిగేవాళ్ళందరూ ఆగస్టు అంకెలు దింపినవాళ్ళే!"

"ఆళ్ళ ఇష్టం ఆళ్ళది. సమ్మెల ఉన్న, సున్నా రాస్త."

నేను చాలా తిట్టాను. సంతకం పెట్టనన్నాను. క్రాంతి కుమార్ కూడా ఫోన్లో బతిమాలాడు. "అక్కా, సున్నా కొడితే గా లైను ఎర్రగ అయితది. ఏదో ఒకటి జెప్పు, పది జెప్పు, ఏసేస్త." ఆవిడ వినలేదు. చివరికి ఆఫీసు మనిషి గుమ్మంలో నిలబడి తొందరపెడితే నేను సంతకం పెట్టాను. తెలంగాణ కోసం మనుషులు ప్రాణాలిస్తున్న రోజులవి. సమ్మె కోసం ఒక అంకె వదులుకోవడం ఆవిడకి పెద్ద త్యాగంగా కూడా తోచలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఫిబ్రవరిలో మండలం రివ్యూ మీటింగ్. టీచర్లంతా ఉన్నారు, టీచర్ల సంఘం నాయకులు ముందు వరసలో ఉన్నారు. మండల అధికారి రామమోహనరావు గారు పేర్లు చదువుతున్నారు. పేరు చూసి మా వైపు మనిషి అనుకోకండి, అచ్చంగా నల్గొండ ఆయనే. మా గది పేరు దగ్గర ఆగారు.

"ఎలీశమ్మా, రెండు నెలలు హాజరు సున్నా. మండలం మొత్తంల నీదొక్కటే. పనిచేస్తలేని కేంద్రం అని జిల్లా నుంచి వచ్చింది. మూసి, హయత్‌నగర్ అవతలి కేంద్రంల కలపమంటున్నరు. నిజంగనే ఎవ్వరు రాలేదా?"

ఎలీశమ్మ లేచి నిలబడింది. చీర చెంగు వేళ్ళకి చుట్టుకుంటోంది. ఆవిడ ఏం ఆలోచిస్తోందో నాకు తెలుస్తూనే ఉంది. కేంద్రం హయత్‌నగర్ దాటిపోతే, జాస్మిన్‌ని చంకనేసుకుని ముత్తమ్మ రెండు బస్సులు మారలేదు. గది పోతే ఆ పిల్లకి మళ్ళీ చాప, మళ్ళీ తాళం.

"ఒచ్చిండ్రు సార్. రోజు ఒచ్చిండ్రు. సమ్మెల నేను చర్చి హాలుల నడిపిన. అబద్ధం రాసిన, మాఫ్ చేయుండ్రి. గది మాత్రం తీయకుండ్రి."

ముందు వరసలో కుర్చీలు కదిలిన చప్పుడు. సంఘం నాయకుడు వెనక్కి తిరిగి, "అంటే మేమంత రోడ్ల మీద ఎండల ఉంటే, నువ్వు లోపల బడి నడిపినవా?" అన్నాడు. ఆయన బడిలో పిల్లలు ఆ రెండు నెలలూ పూర్తి హాజరుతో ఉన్నారు, కాగితం మీద. నేను లేచి ఆ మాటే అనబోయాను. "మీరు కూసోండి మేడం, ఇది మా తెలంగాణోళ్ళ ముచ్చట" అన్నాడు ఆ నాయకుడే. కూర్చున్నాను. నన్ను ఎవరూ అంతగా కూర్చోబెట్టలేదు జన్మలో.

రామమోహనరావు గారు చెడ్డవాడు కాదు. కళ్ళజోడు తీసి మొహం తుడుచుకుని, "క్రాంతీ, సెప్టెంబరు అక్టోబరు మార్చొచ్చా?" అని అడిగారు.

"కాదు సార్. లాక్ అయింది. జిల్లా ఫైలు రాష్ట్రానికి పోయింది."

అంతే. సున్నా పోలేదు, పైగా ఎలీశమ్మ పరువు పోయింది. ఆ రోజు నుంచి శిబిరం వాళ్ళెవరూ ఆవిడతో మాట్లాడలేదు. కలిసి రోడ్డు మీద వండిన ఆడవాళ్ళు, ఒకే గిన్నెలో తిన్నవాళ్ళు, ఆవిడ వస్తుంటే మొహం తిప్పుకునేవారు. వేసవిలో గది మూశారు. కాంట్రాక్టు రెన్యూవల్ కాలేదు. సంఘం అడిగితే అయ్యేదేమో, అడగడానికి ఎవరికీ మనసు రాలేదు. గదిలోకి మళ్ళీ బియ్యం బస్తాలు వచ్చాయి.

ఆ పిల్లల్లో కొందరు ఏదో ఒకటి సర్దుకున్నారు. జాస్మిన్‌ని ముత్తమ్మ కొన్నాళ్ళు హయత్‌నగర్ అవతలి కేంద్రానికి తీసుకెళ్ళింది. పిల్ల ఎదుగుతోంది, ముత్తమ్మ మోకాళ్ళు అరిగిపోతున్నాయి. బస్సు మెట్టు మీద ఒకసారి ఇద్దరూ పడ్డారు. దాంతో మానేసింది. చాప, తాళం.

ఎలీశమ్మ వనస్థలిపురంలో ఒక ప్లే స్కూల్లో ఆయాగా చేరింది. మా ఇంటి దగ్గరే కాబట్టి రోజూ కనపడేది. ఆదివారం ప్రార్థన అయ్యాక ముత్తమ్మ ఇంటికి వెళ్ళి జాస్మిన్ చేతులు రుద్దేది. వారానికి ఒక పూట. "ఆగుతదా మేడం అది" అనేది. ఆగలేదు. వేళ్ళు లోపలికి ముడుచుకుంటూ పోయాయి. పిడికిట్లోకి చెంచా కాదు కదా, గోళ్ళు తీయడానికి కత్తెర కూడా దూరేది కాదు.

రెండు వేల పద్నాలుగు జూన్‌లో రాష్ట్రం వచ్చింది. ఎల్బీనగర్ అంతా గులాల్, టపాసులు, డప్పులు. మా ఇంట్లో మేం తలుపులు వేసుకుని టీవీ చూశాం. సాయంత్రం ఎలీశమ్మ స్వీటు డబ్బా పట్టుకుని వచ్చింది. ఆవిడని ఊరేగింపుకి ఎవరూ పిలిచి ఉండరు. మొహం మాత్రం పెళ్ళివారి ఇల్లులా వెలిగిపోతోంది.

"ఇగ మన సర్కారు మేడం. సమ్మె చేసినోళ్ళ బాధ మన సర్కారుకు తెలువదా? నా నౌకరి కోసం అడగను. గది తెరిపియ్యుమని అడుగుత. మీరు గుడ రాండ్రి, హెడ్‌మేడం చెప్తే మాట ఇంటరు."

ఆంధ్రా మేడం మాట కొత్త సర్కారు వింటుందనుకునేంత అమాయకురాలు. అయినా వెళ్ళాను. బడులు తెరిచిన వారంలో, ఇద్దరం ఆటోలో మండల ఆఫీసుకి వెళ్ళాం. బోర్డు మీద 'తెలంగాణ ప్రభుత్వం' అన్న అక్షరాల రంగు ఇంకా ఆరలేదు. ఎలీశమ్మ దాని ముందు ఆగి, చెప్పులు విడిచి లోపలికి నడిచింది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

రామమోహనరావు గారు బదిలీ అయిపోయారు. కుర్చీలో ఎవరూ లేరు. కంప్యూటర్ ముందు క్రాంతి కుమారే ఉన్నాడు, ఇంకా కాంట్రాక్టులోనే. మమ్మల్ని చూసి లేచాడు.

"అక్కా, కొత్త కేంద్రం కావాల్నంటే ముందుగాల ఈ ఏరియాల సేవ అందని పిల్లలు ఎంతమంది ఉన్నరో సూపెట్టాలె. గా లెక్క ఉంటే మంచిగనే అయితది. ఆగు, తీస్త."

పాత రాష్ట్రం లెక్కల్లోంచి మా జిల్లాల లెక్కలు విడగొట్టి ఇచ్చారట. అవే తెర మీద తెరిచాడు. కిందికీ పైకీ జరిపాడు. ఆగిపోయాడు. ఇంకోసారి జరిపాడు. మా వైపు చూడకుండా, "సున్నా అని ఉన్నది అక్కా" అన్నాడు.

"ఏం సున్నా?"

"సేవ అందని పిల్లలు. మీ దిక్కు పిల్లలందరు హయత్‌నగర్ అవతలి కేంద్రంల ఉన్నట్టున్నది. రోజు పోతున్నట్టు."

"జాస్మిన్ ఏడికి పోతలేదు తమ్మీ. చాప మీద ఉన్నది."

అతను పేరు కొట్టాడు. వచ్చింది. జాస్మిన్, తండ్రి పేరు, వైకల్యం శాతం. నెలనెలా పూర్తి హాజరు. ఈ మధ్య పైవాళ్ళు రోజువారీ పనుల గురించి కొత్త గడులు పెట్టారట. అక్కడ ఒక గడి ఉంది, ఎలీశమ్మకి అప్పట్లో దొరకని గడి. 'సొంతంగా తినగలదు' అని ఉంది అందులో. పక్కన 'అవును'. ఆ కేంద్రంలో ఎవరో, ఎన్నడో రావడం మానేసిన పిల్లకి, నెలనెలా 'అవును' కొట్టుకుంటూ పోయారు.

ఎలీశమ్మ తెర దగ్గరికి వంగి ఆ గడినే చూస్తూ ఉండిపోయింది. నేను గొడవ పెట్టుకున్నాను. అబద్ధమని అరిచాను. క్రాంతి కుమార్ చేతులు జోడించాడు. "మేడం, పిల్ల పోతలేదని రాయాల్నంటే గా కేంద్రపోళ్ళే రాయాలె. ఆళ్ళు రాస్తె ఆళ్ళ హాజరు పడిపోతది, గా కేంద్రం గుడ మూస్తరు. ఎవరు రాస్తరు చెప్పుండ్రి?"

ఏమైనా సరే సున్నా రాసే మనిషి ఆ ఊళ్ళో ఒక్కతే ఉండేది. ఆవిడ నా పక్కనే నిలబడి ఉంది, ఉద్యోగం లేకుండా.

తిరిగి వచ్చేటప్పుడు కొత్తపేట దగ్గర ఆటో దిగి ముత్తమ్మ ఇంటికి వెళ్ళాం. ఆ రోజు ముత్తమ్మ పనికి వెళ్ళలేదు, మోకాళ్ళు లేవనివ్వలేదట. జాస్మిన్ చాప మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. మమ్మల్ని చూసి కూత పెట్టింది. ముత్తమ్మ పళ్ళెంలో అన్నం పప్పు కలుపుతోంది. గూట్లో ఆ చెంచా ఉంది, కాడకి చుట్టిన చీర పేలిక నల్లబడిపోయింది.

"పోయొచ్చిండ్రా బిడ్డా? ఆఫీసుల ఏమన్నరు?" అంది ముత్తమ్మ ఆశగా.

ఎలీశమ్మ చాప పక్కన కూర్చుంది. జాస్మిన్ పిడికిలిని రెండు చేతుల్లోకి తీసుకుంది. అది తెరుచుకోలేదు.

"జాస్మిన్ మంచిగ తింటున్నదంట అవ్వా" అంది.

ముత్తమ్మకి ఏమీ అర్థం కాలేదు. ఇద్దరి మొహాలూ చూసి, ముద్ద చేసి మనవరాలి నోట్లో పెట్టింది.